మందకు మొలిచిన కొమ్ము

ఆ గుడి గోడలకు సున్నం వేసిన చేతులు తరతరాలుగా ఎన్నో ఉన్నాయి. ఆ సున్నం గీకి, దాని కింద అక్షరాలున్నాయని కనిపెట్టినవాడు మాత్రం ఒక్కడే. ఈ సంగతి ఎవరైనా మరిచిపోయినట్టు కనిపిస్తే ఆయనే గుర్తుచేసేవాడు. "నాకు ముందు అది గోడ. నేను చూశాక శాసనం" అనేవాడు. అలా ఆయన అసలు పేరు మరుగున పడి, శాసనం అన్న పేరే నిలిచిపోయింది. చిన్నవాళ్ళకు శాసనం తాత, ఈడువాళ్ళకు ఉత్త శాసనం, గుడి ధర్మకర్తకు "ఏమయ్యా శాసనం".

చదివింది వీధిబడిలో ఐదో తరగతి. దాన్ని ఆయన ఏనాడూ తగ్గించి చెప్పుకోలేదు. అప్పటి ఐదో తరగతి ముందు ఇప్పటి డిగ్రీలు ఏపాటివని ఆయన లెక్క. ఆ బడి పంతులు ఇసుకలో వేలు పట్టి దిద్దించినవి మామూలు అక్షరాలే కాదు, తాటాకు పుస్తకాల్లోని పాత వంకరలు కూడా. తలకట్టు ఎక్కడ విరుగుతుందో, కొమ్ము ఎక్కడ మొలుస్తుందో, అరసున్న ఎక్కడ నక్కి ఉంటుందో ఆ పిల్లల్లో పట్టుబడింది ఈయన ఒక్కడికే. మిగతావాళ్ళు ఆఫీసుల్లో పడ్డారు. ఈయన తండ్రి వెంట సున్నం బాన మోశాడు.

ఇరవై రెండేళ్ళ కిందట లోపలి ద్వారం పక్క గోడకు కొత్త సున్నం పట్టడం లేదని, పాత పొరలు తీసెయ్యమని ఆయనకు పని అప్పగించారు. ఇనప రేకుతో గీకుతుంటే రేకు ఒకచోట టకటకమని ఆగి ఆగి నడిచింది. రాయి నున్నగా ఉంటే అలా ఆగదు. ఇంకొకడైతే ఇంకాస్త గట్టిగా గీకేవాడు. ఆయన రేకు పక్కనపెట్టి, పీచుతో నీళ్ళు కొట్టి రుద్దాడు. మూడు రోజులు రుద్దాడు. ఐదు వరసలు బయటపడ్డాయి.

పై నాలుగు వరసలు గుడికి రాసిచ్చిన పొలాల హద్దులు. ఐదోది ద్వారం పక్కన తరవాతెప్పుడో కట్టిన రాతి అరుగు వెనక నుంచి మొదలై బయటికొచ్చింది. కనిపించిన మేరకు ఆయన వేలు పెట్టి చదివాడు. ధర్మకర్త, పూజారి, చెప్పుల దగ్గర కూర్చునే ఆయన, ఇంకా పదిమంది చుట్టూ నిలబడి విన్నారు.

"మందు విడిచి లోనికి రావలెను."

పూజారి లోపలికి తిరిగి అమ్మవారికి దండం పెట్టాడు. ఆ గుడిలో అమ్మకు విగ్రహమంటూ లేదు. నడుమెత్తు నల్లరాయి, దాని మీద చెక్కిన రెండు కళ్ళు, అంతే. ఎంత పొడుగువాడైనా నడుం వంచితే తప్ప దూరలేని ద్వారం. లోపల చీకటి. ఎడమ చెయ్యి గోడకు ఆనించి చుట్టూ మూడుసార్లు తిరగాలి. వందల ఏళ్ళ అరచేతులు రాసుకుని ఆ గోడకు ఒక గాడి పడింది, మెత్తగా, నున్నగా, చంటిపిల్ల చెంపలా. తిరిగి వచ్చేటప్పుడు మూడడుగుల వరకు అమ్మకు వీపు చూపకూడదు. ఈ ఆచారాలన్నీ ముందునుంచీ ఉన్నవే. మందు సంగతి మాత్రం ఆ రోజు పుట్టింది.

మొదట్లో జనం చేతిలో ఉన్న మాత్రల కవరో, సీసానో ఆ అరుగు మీద పెట్టి, లోపలికెళ్ళి దండం పెట్టుకుని, వచ్చేటప్పుడు తీసుకుపోయేవాళ్ళు. అంతే అయితే ఏ గొడవా లేదు. ఒకరోజు ఎవరో నడివయసు ఆవిడ అడిగింది, "ఎన్నాళ్ళు విడవాలి తాతా?" అని. శాసనంలో ఆ లెక్క లేదు. తెలియదని చెప్పడం ఆయనకు చేతకాలేదు. కన్ను ఆర్పకుండా "మండలం" అన్నాడు. నలభై రోజులు! ఆ మాట అలా వచ్చేసింది. దానికి మందువిడుపు అని పేరు పెట్టింది కూడా ఆయనే.

అక్కడి నుంచి ఆయన సున్నం బాన ముట్టలేదు. ధర్మకర్త ఆయన్ని శాసనం దగ్గరే కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళకు కథ చెప్పడమే పని. పేపర్లో ఫొటో పడింది, ఒకసారి కాదు, మూడుసార్లు. పెద్ద ఆఫీసరొకాయన శాలువా కప్పి, "ఐదో తరగతితో ఇంత చదివారా" అని చెయ్యి కలిపాడు. పక్క రాష్ట్రాల నుంచి బస్సులు వచ్చాయి. కీళ్ళ నొప్పులాయన మానేసి నడిచిపోయాడు. దగ్గు ఆవిడ మానేసి పాట పాడింది. ఇవన్నీ ఆయన పేరుపేరునా చెప్పేవాడు. విడిచి వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ కనిపించలేదు. దానికీ ఆయన దగ్గర జవాబుంది. "నయమైనవాళ్ళు మళ్ళీ ఎందుకొస్తారు!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

అలాంటి ఆయన్ని ఒక మధ్యాహ్నం ఒక బస్సులోంచి దిగిన మనిషి నిలదీశాడు.

"తాతా, ఇన్ని చెప్తున్నావు గాని, మీ ఇంట్లో ఎవరైనా విడిచారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన అరుగు మీది కవర్లు సర్దుతూ అటు తిరిగాడు. భార్య రోజూ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటుంది. చెల్లెలు రెండు పూటలా మూర్ఛ మాత్ర వేసుకుంటుంది. ఆయన మోకాలికి ఆయనే తైలం రాసుకుంటాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆ మాట చెప్పుకుని చిందులు తొక్కాడు.

"నా పరువు తీశాడు. వేలెడంత లేడు, వచ్చి నన్ను అడుగుతాడా!"

"అడిగింది నిజమేగా," అంది భార్య, వంటింట్లోంచే. "నేను మాత్రం నా మాత్ర మానను. అమ్మ ఏమన్నా అనుకోని. పడిపోతే ఎత్తాల్సింది అమ్మ కాదు, నువ్వు. నీకా మోకాలు సాయం రాదు."

ముందు గదిలో కుట్టు మిషన్ ఆగింది. చెల్లెలు వింటోంది.

చెల్లెలు ఆయనకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది. తొమ్మిదో ఏట బడిలో మొదటిసారి మూర్ఛ వచ్చి పడిపోయింది. ఆ తరవాత ఆమె బడికి పోలేదు, పెళ్ళి సంబంధాలూ ఆమె గడప తొక్కలేదు. అన్న తనకు వచ్చిన నాలుగక్షరాలూ ఆమెకు ఇంట్లోనే పలక మీద నేర్పాడు. ఆమె మిషన్ నేర్చుకుంది. ఇరవై ఆరేళ్ళుగా మాత్ర తప్పలేదు, మూర్ఛ రాలేదు. వీధిలో అందరికీ ఆమె కుట్టత్త. ఆమె వేసిన కుట్టు పీకాలంటే గుడ్డ చిరగాలి గాని దారం రాదు అనేవాళ్ళు. అయితే రెండేళ్ళ నుంచి చేతులు వణుకుతున్నాయి. ఆ మాత్రలతో కొందరికి అలా అవుతుందట. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి వాళ్ళను పిలుస్తోంది. అలా పిలిచిన ప్రతిసారీ మొహం చిన్నబుచ్చుకునేది.

సరిగ్గా ఆ నెలలోనే ధర్మకర్త అమ్మవారి ద్వారానికి పట్టు తెర కుట్టే పని ఆమెకు ఇచ్చాడు. అంచంతా చేతికుట్టు. ఆ గుడిలో అంత పెద్ద పని ఆడమనిషికి దక్కడం అదే మొదలు. పట్టు తెచ్చి పెట్టెలో పెట్టుకుంది గాని, కత్తెర పెట్టడానికి ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం తడి చేతులు తుడుచుకుంటున్న అన్న ఎదుట వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, నేను విడవనా?"

ఆయన తలెత్తి చూశాడు. ఆమె ఎప్పుడూ ఆయన్ని ఏడిపిస్తూనే ఉంటుంది. "రాయిని చదువుతావు గాని శుభలేఖ చదవలేవు, నీ వల్ల బావగారింటి పెళ్ళికి పెళ్ళయిపోయాక వెళ్ళాం" అని పదేళ్ళుగా దెప్పుతూనే ఉంది. ఈసారి ఆ నవ్వు లేదు.

"నీ ఇష్టం," అన్నాడు.

"నా ఇష్టం అడగలేదు. నువ్వు చదివినవాడివి. వదలమంటే వదులుతాను."

భార్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "నీకేమన్నా మతి పోయిందా? ఆ మాత్ర మానితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదూ?"

ఆయనకు బస్సు మనిషి మొహం కళ్ళ ముందు కదిలింది. ఆ కిసుక్కుమన్న నవ్వులు చెవిలో మోగాయి. మర్నాడు అరుగు దగ్గర నిలబడి, "ఎవరో కాదు, నా సొంత చెల్లెలు" అని చెప్పుకునే మాట కూడా అప్పుడే నోట్లో ఊరింది.

"వదులు," అన్నాడు.

మర్నాడు ఆమె స్నానం చేసి, ఆ నెల మాత్రల డబ్బా తీసుకెళ్ళి అరుగు మీద పెట్టింది. వంగి లోపలికి వెళ్ళి, ఎడమ చెయ్యి గాడిలో ఆనించి మూడు చుట్లు తిరిగింది. అన్న ఆ రోజు నాలుగు బస్సులకు ఆ కథ చెప్పాడు.

పది రోజులు గడిచేసరికి చేతుల వణుకు తగ్గింది. పన్నెండో రోజున తనే సూదిలో దారం ఎక్కించి, ఇల్లంతా తిరిగి చూపించింది.

"చూశావా వదినా! ఒక్కసారికే ఎక్కింది. కళ్ళజోడు కూడా లేదు."

భార్య దారం చూసింది, ఆమె మొహం చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

పట్టుకు కత్తెర పడింది. అంచు మీద వేలెడు మేర సన్నని కుట్టు నడిచింది. అన్న ఆ కుట్టును వెలుతురులో పట్టుకుని చూసి, దాన్ని కూడా తన ఘనతల్లో కలుపుకున్నాడు.

పంతొమ్మిదో రోజున అచ్చుల టీచరమ్మ వచ్చింది. పాత రాళ్ళ మీది రాతలకు కాగితంతో అచ్చు తీసే ఆవిడ. ఎక్కడో కాలేజీలో పాఠం చెబుతుందట. ఈయన పేరు విని మొదట ఈయనకే నమస్కారం పెట్టింది. ఈయన పొంగిపోయి, ఎలా గీకాడో, ఎన్ని రోజులు రుద్దాడో, శాలువా ఏ రంగుదో అన్నీ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా వింది. తరవాత రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో తట్టి తట్టి రాతి గుంటల్లోకి దించింది. సిరా గుడ్డతో పైపైన అద్దింది. ఉలి తగిలిన చోటల్లా తెల్లగా, తగలని చోటల్లా నల్లగా అక్షరాలు లేచాయి. అద్దంలో చూసుకున్నట్టు ఆయన తన శాసనాన్ని చూసుకున్నాడు.

ఆవిడ కాగితం ఆరాక ఐదో వరస మీద చాలాసేపు వంగి ఉంది.

"పెద్దాయనా, ఇది మందు అని చదివారు కదండీ. కొమ్ము ఎక్కడుంది?"

"అదుగో, 'ద' పక్కన. కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది కదమ్మా!"

"రాయి మీద ఉందండి. కాగితం మీద చూడండి."

చూశాడు. మిగతా కొమ్ములన్నీ తెల్లగా, పదునుగా, కింద నుంచి కుడికి తిరిగి పైకి లేచాయి. పై వరసల్లో అలాంటివి ఆరున్నాయి. ఈ ఒక్కచోట మాత్రం మసక మరక ఉంది, అంచు లేదు, వంపు లేదు.

"ఇది ఉలి దెబ్బ కాదండి. పెచ్చు లేచింది. ఎప్పుడో రాయి ఊడింది."

"అయితే?"

"అయితే అది మందు కాదండి. మంద."

ఆయన నవ్వాడు. కాలేజీ చదువులు ఇంతేననుకున్నాడు. "మంద విడిచి లోనికి రావడమేమిటమ్మా? గుడిలోకి ఎవరైనా మందతో వస్తారా?"

"ఆ ముక్కే చూడాలి. వరస మొదలు ఈ అరుగు వెనకుంది."

అరుగు చివరి పలక ఎప్పటి నుంచో కదులుతూనే ఉంది. పూజారిని అడిగి, ఇద్దరు మనుషులు దాన్ని జరిపారు. వెనక మట్టి, ఎండిన ఆకులు, ఎవరో విడిచిన ఒక ఖాళీ మందు సీసా. తుడిచి చూస్తే ఒక్క మాట ఉంది. ఆ మాట చదవడానికి టీచరమ్మ అక్కర్లేదు, కాలేజీ అక్కర్లేదు. ఇసుకలో దిద్దిన ఐదో తరగతి చాలు.

కాపరులు.

కాపరులు మంద విడిచి లోనికి రావలెను. మేకల్నీ గొర్రెల్నీ బయట వదిలి రండి, లోపల పాడు చెయ్యకండి అని ఏ కాలంలోనో గుడివాళ్ళు రాయించుకున్న మామూలు మాట. అంతే.

ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు. పక్కన నాలుగు కవర్లు, ఒక ఇంజక్షన్ డబ్బా ఉన్నాయి. టీచరమ్మ ఏదో అంటోంది, ఎవరైనా పొరపడేవారే, రాయి అలా ఉంది అని. ఆయనకు వినబడలేదు. మళ్ళీ రాని వాళ్ళ మొహాలు ఒకటొకటే వస్తున్నాయి. ఊపిరాడక భుజాలెత్తి నడిచిన దగ్గు ఆవిడ. కాళ్ళు వాచిన లావుపాటి మనిషి. తల్లి చంకలో తల వాల్చేసిన చంటిపిల్ల. నయమైనవాళ్ళు మళ్ళీ ఎందుకొస్తారు అని తను అన్నాడు. ఆ మాటకు నవ్వించాడు కూడా.

టీచరమ్మ కాగితం చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "నేను ఇంకొకటి తీసుకుంటానండి. ఇది మీ దగ్గరుంచండి. మీరే చెప్తే జనం వింటారు."

చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. ఆ చుట్టను అటక మీద పెట్టి, ఒళ్ళు బాగాలేదని గుడికి పోకుండా గోడకు తిరిగి పడుకున్నాడు. ఇరవై రెండేళ్ళ పేరు, మూడు ఫొటోలు, శాలువా, అన్నీ ఆ పెచ్చు మీదే నిలబడ్డాయి. పలక మళ్ళీ జరిపేస్తే ఎవరికి తెలుస్తుందని కూడా ఒక ఘడియ అనుకున్నాడు. ముందు గదిలో మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు నడుస్తున్నంతసేపూ ఆమె బాగానే ఉన్నట్టే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. రెండో రోజు సాయంత్రం చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. ఆయన ఒక్క ఉదుటున లేచి పరిగెత్తాడు. ఆమె దారం తెగితే ముడి వేస్తోంది.

"ఏంటన్నయ్యా, ఆ మొహం?"

ఇక దాచలేకపోయాడు. అటక మీది చుట్ట దించి, ఆమె ముందు పరిచి, వేలు పెట్టి చూపించాడు. కాపరులని చూపించాడు. మంద అని చూపించాడు. తప్పు చదివానన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఆమె కాగితం మీద వంగి చూసింది. పలక మీద ఆయన నేర్పిన అక్షరాలే అవి.

"కాగితం మీద పడలేదు, అంతే. రాయి మీద ఉందిగా."

"రాయి మీద ఉన్నది కొమ్ము కాదే, పెచ్చు!"

"ఆ పెచ్చు అక్కడే ఎందుకు లేవాలి?" అంది. "అంత రాతిలో ఇంకెక్కడా లేవకుండా, ఆ ఒక్క అక్షరం పక్కనే, కొమ్ములాగే ఎందుకు లేచింది? అమ్మకు ఉలి కావాలా ఏంటి?"

అలాంటి జవాబులు ఇరవై రెండేళ్ళుగా జనానికి చెప్పింది ఆయనే.

"నా మీద బెంగతో చెప్తున్నావు నువ్వు," అంది ఆమె, ఆయన మోచెయ్యి పట్టుకుని. "ఇరవై ఒక్క రోజులైపోయాయి. ఇంక పంతొమ్మిదే. నా చేతులు చూడు."

చాచి చూపించింది. కదలడం లేదు.

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "చేతులు సరే, నాలుగు రోజులుగా నిద్రలో పళ్ళు కొరుకుతున్నావు. మొన్న టీ గ్లాసు పట్టుకుని ఎటో చూస్తూ ఉండిపోయావు. పిలిస్తే పలకలేదు. మీ అన్నకు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా."

ఆయన చెల్లెలి కాళ్ళు పట్టుకున్నాడు. తనకన్నా తొమ్మిదేళ్ళు చిన్నదాని కాళ్ళు. ఆమె హడలిపోయి వెనక్కి జరిగింది. "లే అన్నయ్యా, పాపం చుట్టబెట్టకు, లే!" అని ఏడ్చింది. ఆయన లేవలేదు. పొద్దున్నే వేసుకుంటానని ఆమె మాట ఇస్తే గాని వదల్లేదు.

పొద్దున్నే కొత్త డబ్బా తెచ్చి, తన చేత్తో మాత్ర ఇచ్చాడు. ఆమె తూర్పు తిరిగి, "తల్లీ, నేను కాదు, మా అన్న మాట తీసెయ్యలేక" అని చెంపలు వేసుకుని మింగింది.

ఆ మధ్యాహ్నం మిషన్ మీద పట్టు తెరకు అస్తరు కుడుతూ పడిపోయింది. మిషన్ పెడలు ఇంకా ఆడుతూనే ఉంది. మూర్ఛ ఒకటి వచ్చి తగ్గలేదు. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో తెలివి రాకుండా, ఆటోలో ఒకటి, ఆస్పత్రి మెట్ల మీద ఒకటి. డాక్టరు పక్కకు పిలిచి అడిగితే, శాసనం భార్య ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇరవై ఒక్క రోజులు ఆపి, ఇవాళ ఒక్క మాత్ర వేస్తే అదేం ఆపుతుందమ్మా?" అన్నాడు డాక్టరు. "రెండు వారాల ముందు తెచ్చినా సరిపోయేది."

రెండు వారాలు. ఆయన మనసు ఆ మాటను వదిలి రెండు రోజులను పట్టుకుంది. గోడకు తిరిగి పడుకున్న రెండు రోజులు. ఆ రెండు రోజులు ముందు చెప్పి ఉంటే ఇది తప్పేదా అని డాక్టర్ని అడగాలనుకున్నాడు. మూడు రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాడు. డాక్టరు ఆ దారినే పదిసార్లు పోయాడు. ప్రతిసారీ లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మం దాటకుండానే ఒకే మాట అనుకున్నారు. మందు ముట్టింది, అదే రోజు పడింది. గొంతు తగ్గించే అన్నారు గాని, దుఃఖంలో ఉన్న ఇంట్లో చెవులు పదునుగా ఉంటాయి. భార్య విని, బయటికెళ్ళి, అందర్నీ కడిగేసింది. "మందు మానింది కాబట్టి పోయింది! ముట్టి కాదు!" వాళ్ళు తలలు దించుకుని విన్నారు. కష్టంలో ఉంది, ఏదో అంటుందిలే అన్నట్టు విన్నారు.

కర్మలయ్యాక ఆయన కాగితం చుట్ట పట్టుకుని ధర్మకర్త ఇంటికి వెళ్ళాడు. ధర్మకర్త కాగితం విప్పి కిటికీ వెలుగులో చూశాడు. అర్థం కానివాడు కాదు.

"టీచరమ్మ ఉత్తరం కూడా వచ్చింది. సరేనయ్యా శాసనం, తప్పే చదివావు. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"రాయి పక్కన బోర్డు పెట్టించండి. ఇది మంద అని రాయించండి. మందులు అరుగు మీద పెట్టొద్దని రాయించండి."

"పెడితే ఎవరు వింటారు? ఇరవై రెండేళ్ళ ఆచారమైపోయింది."

"ఆచారమేంటండీ? నేను పెట్టిన పేరు. నేను చెప్పిన మండలం. నాకు తెలీదని చెప్పడం చేతకాక చెప్పిన మండలం!"

ధర్మకర్త కాగితాన్ని జాగ్రత్తగా చుట్టి ఇచ్చాడు. "చెల్లెలు పోయిన బాధలో ఉన్నావు. కొన్నాళ్ళు ఇంటిపట్టునుండు. అక్కడ కథ చెప్పడానికి మనిషిని చూశాను."

ఆ మనిషి చెప్పుల దగ్గర కూర్చునే ఆయన. శాసనం నోటి వెంట కథ వేల సార్లు విన్నవాడు. ఒక్క ముక్క తప్పకుండా చెబుతున్నాడు. చివర ఒకటి కొత్తగా కలిపాడు కూడా. వారం ఆగి గుడికి వెళ్ళిన శాసనం, బస్సు జనం వెనక నిలబడి అది విన్నాడు.

"...ఇరవై ఒక్క రోజులు నిష్ఠగా ఉంది తల్లీ. చేతులు రాయిలా నిలబడ్డాయి. సొంత అన్నే బలవంతాన మాత్ర మింగించాడు. పొద్దున మింగింది. మధ్యాహ్నానికి..."

జనం చెంపలేసుకున్నారు.

"అది మంద!" అన్నాడు శాసనం, వెనక నుంచి. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "మందు కాదు, మంద! కాపరులకు రాసింది. మీకు రాసింది కాదు. ఎవరి మందులు వాళ్ళు తీసుకుపోండి!"

అందరూ వెనక్కి తిరిగారు. చెప్పులాయన మొహంలో కోపం లేదు, జాలి ఉంది. పక్కనున్నవాళ్ళకు మెల్లగా చెప్పాడు, "ఆయనే. ఆ అన్న. అప్పటి నుంచీ ఇలాగే."

జనం ఆయనకు దారి వదిలారు, పెద్దవాడికి వదిలినట్టు కాదు. ఒక్క మనిషి మాత్రం కదల్లేదు. ముప్పై ఏళ్ళుంటాయి, ఫ్యాక్టరీలో వేసుకునే నీలం కోటు మీదే వచ్చింది. చేతిలో మందుల షాపు కవరుంది.

"నిజంగా అది మందు కాదా తాతా?"

ఆయన ఆమెను రాయి దగ్గరికి తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాడు. పై వరసలో నిజం కొమ్ము చూపించాడు, కింద పెచ్చు చూపించాడు. ఆమె శ్రద్ధగా చూసింది.

"ఎవరికి ఆ మందులు?"

"మా ఆయనకి. గుండెకి. మూడేళ్ళుగా మింగుతూనే ఉన్నాడు, మంచం దిగడు." కవరు చేతులు మార్చుకుంది. "ఒక్కటి అడుగుతాను, తాతా. ఉన్నది చెప్పు. మీ చెల్లెలు మానిన రోజుల్లో బాగుందా?"

అబద్ధం చెప్పొచ్చు. మొదటి రోజు నుంచే మంచాన పడిందని అంటే సరిపోతుంది. ఆ రాయి ముందు ఆయన ఇరవై రెండేళ్ళు తెలియనిది తెలిసినట్టే చెప్పాడు.

"బాగుంది," అన్నాడు. "చేతులు వణకలేదు. సూదిలో దారం ఎక్కించింది."

ఆమె కవరు అరుగు మీద పెట్టి, నడుం వంచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఆ కవరు తీసుకుని బయట ఎండలో నిలబడ్డాడు. మూడు చుట్లు తిరిగి, మూడడుగులు వెనక్కి నడిచి, ఆమె వచ్చింది. ఆయన కవరు చాచాడు. ఆమె చూడనట్టు పక్కనుంచి దాటింది. మోకాలు ఈడ్చుకుంటూ వెంటపడ్డాడు. మెట్ల మీద అరిచాడు, చెప్పుల దగ్గర అరిచాడు. బస్సు కదలబోతుంటే కిటికీ పట్టుకుని కవరు ఆమె ఒళ్ళోకి తోశాడు.

"ఆయన్ని అడుగు! నీ మొగుణ్ణి అడిగి మాను! నన్ను చూసి మానకు, రాయిని చూసి మానకు!"

ఆమె కవరు బయటికి విసరలేదు. విప్పనూ లేదు. ఒళ్ళో అలాగే పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది.

ఆయన మెట్లెక్కి వచ్చేసరికి అరుగు మీద ఇంకో మూడు కవర్లు చేరాయి. చెప్పులాయన కొత్త గుంపుకు మొదటి నుంచి మొదలుపెట్టాడు. శాసనం అరుగు మీద కూర్చుని ఒక్కో కవరూ ఒళ్ళో పెట్టుకున్నాడు. మందుల షాపువాళ్ళు కవరు మీద గొలుసుకట్టు రాతలో పేర్లు రాస్తారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, మొదటి పేరు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తరవాత ఆ పొట్టి ద్వారం దగ్గర వంగి, చీకట్లోకి ఆ పేరు పెట్టి పిలిచాడు.